నూరు శాతం కోసం ఒక ఏడాది

స్టీమ్‌లో ఏ గేమ్ పేజీ తెరిచినా ఒక సన్నటి గీత కనిపిస్తుంది. దాని పక్కన 63కి 9 అనో, 51కి 4 అనో రాసి ఉంటుంది. మనలో చాలామంది దాన్ని చూసీ చూడనట్టు వదిలేసి ప్లే బటన్ నొక్కేస్తాం. కొంతమందికి మాత్రం ఆ గీత సగంలో ఆగి ఉంటే పంటి కింద రాయిలా ఉంటుంది. వాళ్లనే అచీవ్‌మెంట్ హంటర్లు అంటారు. దీనికి తెలుగు మాట ఏదైనా ఉందా అని మన క్లబ్ వాట్సాప్ గ్రూపులో అడిగితే ఒకరు 'బిరుదుల వేటగాళ్లు' అన్నారు, ఇంకొకరు 'పతకాల పిచ్చోళ్లు' అన్నారు. రెండోదే కరెక్టుగా ఉందని నా అభిప్రాయం.

పోయిన జూన్ నుంచి ఈ జూన్ దాకా, అంటే థర్డ్ ఇయర్ మొత్తం, నేను ఆ పిచ్చిలోనే ఉన్నాను. కొత్త గేములు కొనలేదు. ఉన్నవాటిలో బాగా నచ్చినవి తీసుకుని, ఆ గీత చివరిదాకా లేదా నా ఓపిక చివరిదాకా, ఏది ముందైతే అంతవరకు ఆడాను. ఆ గేముల గురించే ఈ వ్యాసం. రివ్యూలు కావు. ఒక జాబితా చేతికిస్తే మనం ఆడే తీరు ఎలా మారుతుంది, అది ఆటను ఎక్కడ బాగుచేస్తుంది, ఎక్కడ పాడుచేస్తుంది అన్నది నాకు ఆసక్తిగా అనిపించింది. మధ్యమధ్యలో కొన్ని గేముల గుట్టు బయటపడుతుంది, ముందే చెప్తున్నా.

కొంచెం వెనక్కి వెళ్దాం. గేముల్లో పతకాలివ్వడం స్టీమ్ కనిపెట్టిన పని కాదు. 1980ల మొదట్లో అటారీ 2600కి గేములు చేసే యాక్టివిజన్ కంపెనీ ఒక పద్ధతి పెట్టింది. ఫలానా స్కోరు దాటితే టీవీ తెరను కెమెరాతో ఫోటో తీసి, ఆ ఫోటో కడిగించి, పోస్టులో కంపెనీకి పంపాలి. వాళ్లు తిరుగు టపాలో ఒక గుడ్డ బ్యాడ్జి పంపేవాళ్లు, చొక్కాకో జాకెట్‌కో కుట్టుకోవడానికి. 1982లో వచ్చిన పిట్‌ఫాల్ గేమ్‌లో 20,000 పాయింట్లు దాటితే ఎక్స్‌ప్లోరర్స్ క్లబ్ బ్యాడ్జి వచ్చేది. ఇప్పుడు స్క్రీన్‌షాట్ తీసి ఇన్‌స్టా స్టోరీలో పెట్టడానికి మనకు రెండు సెకన్లు పడుతోంది. వాళ్లకి రోజులూ వారాలూ పట్టేది. పని మాత్రం అదే.

ఇప్పుడు మనం చూస్తున్న రూపం 2005 నవంబరులో ఎక్స్‌బాక్స్ 360తో వచ్చింది. అందులో గేమర్‌స్కోర్ అని ఒక అంకె పెట్టారు. ఏ కంపెనీ గేమ్ ఆడినా పాయింట్లన్నీ ఒకే ఖాతాలో పడతాయి. అదీ అసలు కిటుకు. అప్పటిదాకా స్కోరు గేముది, అప్పట్నుంచి స్కోరు మనిషిది అయింది. 2007లో స్టీమ్, 2008లో ప్లేస్టేషన్ అదే దారి పట్టాయి. ప్లేస్టేషన్ వాళ్లు కంచు, వెండి, బంగారం పెట్టి, అన్నీ సాధిస్తే ప్లాటినం అన్నారు. నింటెండో మాత్రం తన స్విచ్‌లో ఇలా అన్ని గేములకీ ఉమ్మడిగా ఉండే పద్ధతి పెట్టలేదు. అక్కడి జనం గేములు ఆడటం మానేయలేదు కూడా.

అంకె మనిషిది అయ్యాక ఏం జరగాలో అదే జరిగింది. 2007లో ఎక్స్‌బాక్స్ 360లో అవతార్ కార్టూన్ ఆధారంగా ద బర్నింగ్ ఎర్త్ అనే గేమ్ వచ్చింది. దానికి ఐదే అచీవ్‌మెంట్లు, ఐదూ వరుసగా ఎన్ని దెబ్బలు కొట్టావన్న లెక్కకే. ఆట మొదలవగానే ఒకే బటన్ నొక్కుతూ కూర్చుంటే కొద్ది నిమిషాల్లో 1000కి 1000 పాయింట్లు వచ్చేస్తాయి. ఆ కార్టూన్ ఏమిటో తెలియనివాళ్లు కూడా పాయింట్ల కోసం ఆ డిస్కు వెతికి ఆడారు. బ్రిటిష్ ఆర్థికవేత్త చార్ల్స్ గుడ్‌హార్ట్ పేరు మీద ఒక సూత్రం ఉంది. ఒక కొలతనే లక్ష్యంగా పెట్టుకుంటే అది ఇక కొలతగా పనికిరాదని దాని సారాంశం. 75 శాతం అటెండెన్స్ రూలు కింద బతుకుతున్న మనకు ఇంకో ఉదాహరణ అక్కర్లేదు.

సీఎస్ఈ వాళ్లకోసం ఒక చిన్న పేరా. స్టీమ్‌లో అచీవ్‌మెంట్ అంటే లోపల ఒక పేరు, దానికి అవును లేదా కాదు అనే విలువ, అంతే. గేమ్ తయారుచేసేవాళ్లకు స్టీమ్‌వర్క్స్ అనే లైబ్రరీ ఇస్తారు. కోడ్‌లో ఏదో షరతు నిజం కాగానే గేమ్ సెట్‌అచీవ్‌మెంట్ అనే ఫంక్షన్‌ను పిలుస్తుంది. తర్వాత స్టోర్‌స్టాట్స్ పిలిస్తే సంగతి సర్వరుకు చేరుతుంది, తెర మూలన చిన్న డబ్బా పైకి లేస్తుంది. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, మామూలుగా షరతు నిజమైందా లేదా అని తేల్చేది మన ల్యాప్‌టాపే. సర్వరు దాని మాట నమ్ముతుంది. అందుకే స్టీమ్ అచీవ్‌మెంట్ మేనేజర్ అనే ఓపెన్ సోర్స్ టూల్ పెట్టుకుంటే చాలా గేముల అచీవ్‌మెంట్లు ఒక్క క్లిక్‌తో తెరుచుకుంటాయి. ఇది తెలిశాక నాకు చిత్రంగా కాస్త హాయిగా అనిపించింది. ఎవరైనా క్షణంలో దొంగిలించగలిగే వస్తువు కాబట్టి దాన్ని చూపించి ఎవరినీ నమ్మించలేం. మిగిలేది మనం దాన్ని ఎలా సంపాదించామన్నది మాత్రమే.

ఇక ఆటల్లోకి వెళ్దాం.

బొమ్మను మోసుకెళ్లడం

అచీవ్‌మెంట్లలో కథ నడిస్తే వాటంతటవే వచ్చేవి ఉంటాయి, ఏరుకోవాల్సినవి ఉంటాయి, చేతివాటం అడిగేవి ఉంటాయి. వీటన్నిటికంటే నాకు ఇష్టమైనవి ఇంకో రకం. 'ఇలా కూడా ఆడొచ్చా?' అనిపించేవి. వాటికి పెద్దన్న 2007లో వచ్చిన హాఫ్-లైఫ్ 2: ఎపిసోడ్ టూలో ఉన్న లిటిల్ రాకెట్ మ్యాన్.

విదేశాల్లో ఇళ్లముందు తోటల్లో గడ్డం, కోసు టోపీ ఉన్న మరుగుజ్జు బొమ్మ పెట్టుకుంటారు, నోమ్ అంటారు. ఆట మొదట్లోనే అలాంటి బొమ్మ ఒకటి కనిపిస్తుంది. దాన్ని తీసుకుని, ఆట చివర్లో ఎగరబోయే రాకెట్‌లో పెట్టాలి. చదవడానికి అంతే. మధ్యలో ఏముందంటే, పురుగుల గుహలు, తుపాకీ కాల్పులు, సగం ఊడిపోయిన ఒక పాత కారు, వెంటపడే హెలికాప్టర్. బొమ్మ పట్టుకున్నప్పుడు తుపాకీ పేల్చలేం. శత్రువు వస్తే బొమ్మను కింద పెట్టాలి, కాల్చాలి, మళ్లీ వెనక్కొచ్చి ఎత్తుకోవాలి. కారు గతుకులో పడితే బొమ్మ ఎగిరి బయట పడుతుంది. సంచిలో వేసుకోవడం కుదరదు, ఎందుకంటే ఆ గేమ్‌లో బొమ్మ కూడా రాయీ డబ్బా లాగా ఒక వస్తువే. దానికి బరువుంది, అది దొర్లుతుంది, ఎక్కడ వదిలితే అక్కడే పడి ఉంటుంది.

నాకు దీనికి రెండు వారాంతాలు పట్టింది. మామూలుగా ఆడినప్పుడు ఆ గేమ్ ఒక యాక్షన్ సినిమా. బొమ్మతో ఆడితే చంటిపిల్లతో చేసే బస్సు ప్రయాణం. గుహలో ఒక మూల భద్రంగా ఉందా, ఇక్కడ పెడితే కిందికి దొర్లుతుందా అని చూసుకుంటూ పోతాం. ముందు ఆడినప్పుడు పరుగెత్తుకుంటూ దాటేసిన గదులన్నీ ఈసారి గుర్తుండిపోయాయి. కారు సీటు వెనక బొమ్మను ఏ కోణంలో ఇరికిస్తే పడదో తెలుసుకోవడానికి నేను చేసిన ప్రయోగాలు మన ఫిజిక్స్ ల్యాబ్‌లో చేసి ఉంటే రికార్డు నిండిపోయేది.

ఈ కథకు నిజ జీవితంలో ఒక తోక ఉంది. 2020 నవంబరులో వాల్వ్ కంపెనీ అధిపతి గేబ్ న్యూవెల్ రాకెట్ ల్యాబ్ సంస్థ ఎలక్ట్రాన్ రాకెట్‌లో, న్యూజిలాండ్ నుంచి, నిజంగానే ఒక నోమ్ బొమ్మను అంతరిక్షంలోకి పంపించాడు. వేటా వర్క్‌షాప్ వాళ్లు టైటానియంతో 3డీ ప్రింట్ చేసిన సుమారు 15 సెంటీమీటర్ల బొమ్మ అది. ప్రయోగాన్ని చూసిన ఒక్కో ప్రేక్షకుడికి ఒక డాలరు చొప్పున ఆక్లండ్‌లోని స్టార్‌షిప్ పిల్లల ఆసుపత్రికి విరాళం ఇస్తానన్నాడు. ఒక డిజైనర్ సరదాగా పెట్టిన షరతు పదమూడేళ్ల తర్వాత కక్ష్య దాకా వెళ్లింది.

స్ట్రాబెర్రీలు దేనికీ పనికిరావు

సెలెస్ట్ 2018లో వచ్చింది. మ్యాడీ థోర్సన్, నోయెల్ బెర్రీ 2015లో నాలుగు రోజుల్లో పీకో-8 అనే బుల్లి ఊహాత్మక కన్సోల్ మీద చేసిన ఆటను పెంచి పెద్దది చేశారు. ఆ పాత ఆట కూడా దీని లోపలే ఒక చోట దాగి ఉంటుంది. మ్యాడెలిన్ అనే అమ్మాయి కొండ ఎక్కాలి. ఎందుకు ఎక్కుతోందో ఆమెకే సరిగ్గా తెలీదు. లోపల ఆందోళన, నీకు చేతకాదని చెప్పే తన రూపమే ఒకటి అద్దంలోంచి బయటికొచ్చి వెంటపడుతుంది.

దారి పొడవునా 175 ఎర్ర స్ట్రాబెర్రీలు ఉంటాయి. వాటివల్ల కొత్త శక్తి రాదు, ప్రాణాలు పెరగవు, దారి తెరుచుకోదు. విచిత్రమేంటంటే ఆ మాట గేమే ముందుగా చెప్పేస్తుంది: ఫ్రెండ్స్ ముందు గొప్పగా చెప్పుకోవడానికి తప్ప ఇవి దేనికీ పనికిరావు, నిజంగా కావాలనిపిస్తేనే ఏరుకో అని. అన్నీ ఏరితే వచ్చే అచీవ్‌మెంట్ కూడా ఆ మాట మీద వేసిన జోకే. చివర్లో అందరూ కూర్చుని తినే స్ట్రాబెర్రీ పై మాత్రం మనం ఏరినదాన్ని బట్టి బాగా కుదురుతుంది. అంతకు మించి ఏమీ లేదు.

ఈ నిజాయితీ నాకు తెగ నచ్చింది. ఏరాలా వద్దా అన్నది మన చేతిలో పెట్టి పక్కకు తప్పుకుంటుంది. నేను ఏరాను. ఒక్కో స్ట్రాబెర్రీ ఒక చిన్న లెక్క లాంటిది. కింద నుంచి చూస్తే అందేలా ఉండదు. మొదటి ఇరవై సార్లు చేతులు ఊరికే తడబడతాయి, ముప్పయ్యో సారికి దారి కనిపిస్తుంది, నలభయ్యో సారికి వేళ్లకు వస్తుంది. చచ్చిన వెంటనే, కన్ను మూసి తెరిచేలోగా, మళ్లీ అదే గది మొదట్లో నిలబెడుతుంది. లోడింగ్ తెర లేదు, దెప్పిపొడుపు లేదు. ఎన్నిసార్లు చచ్చామో లెక్క చూపిస్తుంది, అదీ సిగ్గుపడమని కాదు. నా లెక్క నాలుగంకెల్లో ఉంది, ఇంతకంటే వివరాలు అడక్కండి.

ఇంత కష్టమైన ఆట చిరాకు తెప్పించకపోవడానికి కారణం కోడ్‌లో ఉంది. అంచు దాటి గాల్లోకి వెళ్లిపోయాక కూడా సెకనులో పదో వంతు సేపు జంప్ బటన్ పనిచేస్తుంది. దీన్ని కొయోటీ టైమ్ అంటారు, కార్టూన్లో కొండ అంచు దాటాక కిందికి చూసేదాకా పడని నక్క లాంటి జంతువు పేరు మీద. నేల తాకడానికి క్షణం ముందే జంప్ నొక్కేసినా గుర్తుపెట్టుకుని తాకగానే ఎగురుతుంది. తల ఇటుక మూలకు కొద్దిగా తగిలితే ఆపకుండా పక్కకు జరుపుతుంది. అంటే ఆట మన తప్పుల్ని చూసీ చూడనట్టు క్షమిస్తూ ఉంటుంది. మనం మాత్రం 'నేనే చేశా' అనుకుంటాం. ఈ ఆటగాడి పాత్రను నడిపే కోడ్ ఫైలును తయారుచేసినవాళ్లే గిట్‌హబ్‌లో పెట్టారు. 5 వేల పైచిలుకు లైన్లు, ఒకే ఫైలు. ఓఓపీ క్లాసులో మేడమ్ చూస్తే ఒప్పుకోరు. గేమ్ మాత్రం వెన్నలా నడుస్తుంది. ఒకసారి తెరిచి చూడండి.

ప్రాణం ఒక్కటే ఉంటే

హాలో నైట్ గురించి మన కాలేజీలో చెప్పక్కర్లేదు. 2025 సెప్టెంబరులో సిల్క్‌సాంగ్ వచ్చిన రోజు హాస్టల్ వైఫై ఏమైందో అందరికీ గుర్తుంది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో టీమ్ చెర్రీ అనే గుప్పెడు మంది, 2014లో కిక్‌స్టార్టర్‌లో 57 వేల పైచిలుకు ఆస్ట్రేలియన్ డాలర్లు చందా పోగుచేసి, 2017లో విడుదల చేశారు. మొత్తం 63 అచీవ్‌మెంట్లు. ఆటను పూర్తి చేసిన శాతం 100 దగ్గర ఆగదు, 112 దాకా వెళ్తుంది. కొత్త భాగాలు చేర్చినప్పుడల్లా లెక్క పెంచుకుంటూ పోయారు.

ఇందులో స్టీల్ సోల్ అనే పద్ధతి ఉంది. ఆటను ఒకసారి పూర్తి చేశాక తెరుచుకుంటుంది. ఒక్కటే ప్రాణం, పోతే ఆ ఫైలు కథ ముగిసినట్టే. అదే మ్యాపు, అవే పురుగులు, అవే బెంచీలు. కానీ నేను అంతకుముందు ఈలవేసుకుంటూ నడిచిన సందుల్లో ఈసారి గోడ పక్కన ఆగి, ఊపిరి బిగబట్టి, ఒక్కో అడుగు వేశాను. డీప్‌నెస్ట్ అనే చీకటి ప్రాంతానికి వెళ్లకుండా ఎలా తప్పించుకోవాలో కాగితం మీద దారులు గీసుకున్నాను. కథ ముగించడానికి నిజంగా అవసరమైనవి ఏవి, మనం అలవాటుగా చేసేవి ఏవి అని మొదటిసారి విడదీసి చూశాను. ఐదు గంటల్లోపు ముగించాలన్న ఇంకో అచీవ్‌మెంట్ కూడా ఉంది. రెండూ ఒకే ప్రయత్నంలో కొట్టేవాళ్లున్నారు. నేను రెండూ విడివిడిగా చేశాను. ప్రాణభయం, గడియారం ఒకేసారి పెట్టుకుంటే అది ఎండ్ సెమ్ పరీక్ష అవుతుంది, ఆట అవదు.

గాజు సీసాల్లో బందీలుగా ఉన్న 46 పురుగు పిల్లల్ని విడిపించే పని కూడా ఉంది. ఒక్కోదాన్ని వదలగానే అది కిలకిలమని ఇంటికెళ్తుంది. అన్నింటినీ చేర్చాక కాసేపాగి వాటి తండ్రి దగ్గరికి తిరిగి వెళ్తే ఆయన పొట్ట ఉబ్బి ఉంటుంది. ఆ దృశ్యాన్ని ఎలా అర్థం చేసుకోవాలో అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నూరు శాతం కోసం వెళ్లినవాళ్లకు దక్కే బహుమానం అదీ.

నాది 62 దగ్గర ఆగింది. చివరిదానికి నలభైకి పైగా బాస్‌లను వరుసగా ఓడించాలి, మధ్యలో ఓడితే మళ్లీ మొదటి నుంచి. నేను ఎక్కువసార్లు ఓడేది చివరి పదిమందిలో. వాళ్లమీద అభ్యాసం చేయాలంటే ముందున్న ముప్పైమందిని, అప్పటికే వచ్చేసినవాళ్లని, అరగంట సేపు మళ్లీ మళ్లీ కొట్టాలి. అక్కడ కొత్తగా ఏమీ నేర్చుకోవడం లేదని అర్థమైన రోజు మూసేశాను. కష్టంగా ఉండటం వేరు, విసుగ్గా ఉండటం వేరు. సెలెస్ట్‌లో నేను ఓడిన చోటికీ మళ్లీ మొదలుపెట్టే చోటికీ దూరం అర సెకను, ఇక్కడ అరగంట.

లెక్క తప్పించుకోలేని ఓడ

రిటర్న్ ఆఫ్ ద ఓబ్రా డిన్ గురించి ఎక్కువ చెబితే పాపం తగులుతుంది. లూకస్ పోప్ దాదాపు ఒంటరిగా, సంగీతంతో సహా తానే చేసి 2018లో విడుదల చేశాడు. పాత మ్యాకింటాష్ తెర లాగా రెండే రంగులు. 1807లో, ఈస్టిండియా కంపెనీ కోసం, ఖాళీగా తిరిగొచ్చిన ఓడ ఎక్కి, అందులో ఉన్న 60 మందిలో ఎవరు ఎవరో, ఎవరికేమైందో తేల్చాలి. ఆ జాబితాలో మన దేశపు నావికులు కూడా ఉన్నారు.

ఇంజినీర్లుగా మనం మెచ్చుకోవాల్సింది ఒకటుంది. జవాబు సరైనదా కాదా అని గేమ్ ఒక్కొక్కటిగా చెప్పదు. మూడు సరిగ్గా పడితేనే మూడూ ఒకేసారి ఖాయం చేస్తుంది. ఒక్కొక్కటిగా చెబితే పేర్లన్నీ వరుసగా పెట్టి చూసేస్తాం కదా. మూడు కలిసి ఒప్పవ్వాలంటే ఊహల సంఖ్య ఒకదానితో ఒకటి గుణించుకుంటూ పోతుంది, గుడ్డిగా కొట్టడం కుదరదు. రెండు కచ్చితంగా తెలిస్తే మూడోదాన్ని ఊహించే సందు మాత్రం వదిలాడు, అది కావాలనే వదిలాడని నా అనుమానం. ఇక్కడ నూరు శాతం అంటే అదనపు పని కాదు, అదే ఆట. ఊయల మంచాల దగ్గర కాసేపు నిలబడండి, అంతకు మించి చెప్పను.

గురువుగారి పతకం

పోర్టల్ 2, 2011. ఇద్దరు కలిసి ఆడే భాగం ఉంది. దాన్ని పూర్తి చేశాక ఒక అచీవ్‌మెంట్ మిగిలిపోతుంది, పేరు ప్రొఫెసర్ పోర్టల్. మన ఫ్రెండ్స్‌లో ఈ భాగం ఇంతవరకు ఆడని ఒకరితో ఆన్‌లైన్‌లో మొదటి పాఠం పూర్తి చేయాలి. చేతివాటం అవసరం లేదు. ఆడనివాడు ఒకడు దొరకాలి, అంతే.

నాకు మా కింది ఫ్లోర్‌లో ఫస్ట్ ఇయర్ తమ్ముడు ఒకడు దొరికాడు. గేమ్ సేల్‌లో కొనిపించాను. మొదటి గదిలో "అన్నా, ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అన్నాడు. జవాబు నాకు తెలుసు, మూడు ముక్కల్లో చెప్పేయొచ్చు, పతకం వెంటనే వచ్చేస్తుంది. కానీ పజిల్ గేమ్‌లో జవాబు చెప్పేస్తే వాడికిక ఆ గది లేనట్టే. "నీకేం కనిపిస్తోంది రా?" అని అడిగి ఊరుకున్నాను. ఈ గేమ్‌లో ఫలానా చోటు చూడమని వేలితో చూపినట్టు గుర్తు పెట్టే బటన్ ఉంది. దాన్ని నొక్కకుండా ఉండటమే నేను ఆ ఏడాది చేసిన అన్నిటికంటే కష్టమైన పని. కాసేపటికి వాడే "అన్నా ఆగు ఆగు, నువ్వు అక్కడ నిలబడితే నేను ఇట్నుంచి పడతా" అని అరిచాడు. నిజానికి ఆ అరుపు హెడ్‌ఫోన్స్‌లోంచి, మెట్ల మీదుగా రెండుసార్లు వినిపించింది.

డబ్బా లేచింది, వాడు చూడను కూడా లేదు. తర్వాత ఇద్దరం మిగతా కోర్సులన్నీ పూర్తి చేశాం. నాలుగో కోర్సు ఇద్దరిలో ఎవరూ చావకుండా పూర్తి చేయడానికి ఒక అచీవ్‌మెంట్ ఉంది, దానికి పట్టిన రాత్రుల గురించి మా వార్డెన్‌గారిని అడగండి.

'మరి?'

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు నాన్న నా వెనక నిలబడి కాసేపు చూసి, "ఇవన్నీ అయిపోతే ఏమిస్తార్రా?" అని అడిగారు. ఏమీ ఇవ్వరు నాన్నా అన్నాను. "మరి?" అని వెళ్లిపోయారు. కోపంగా అడగలేదు, నిజంగానే అడిగారు. అందుకే ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

1973లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ స్కూల్లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ చేసిన ఒక ప్రయోగం ప్రచురించారు. బొమ్మలు గీయడం ఇష్టమున్న పిల్లల్ని ఎంచుకున్నారు. ఒక గుంపుకు గీస్తే బంగారు నక్షత్రం, రిబ్బన్ ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. రెండో గుంపుకు ముందు చెప్పకుండా తర్వాత ఇచ్చారు. మూడో గుంపుకు ఏమీ లేదు. కొన్నాళ్ల తర్వాత ఏ బహుమతీ లేకుండా రంగు పెన్నులు బల్లమీద పెట్టి చూస్తే, ముందే మాట తీసుకున్న పిల్లలు మిగతా రెండు గుంపుల కంటే సుమారు సగం సేపే గీశారు. బహుమతి వల్ల ఇష్టం తగ్గింది. అనుకోకుండా బహుమతి వచ్చినవాళ్లకు మాత్రం అలా ఏమీ కాలేదు.

ఇది చదివినప్పుడు నాకు గేముల కంటే ముందు ఇంటర్ గుర్తొచ్చింది. పదో తరగతి దాకా నాకు లెక్కలంటే సరదా. సెలవుల్లో కూడా ఊరికే చేసేవాణ్ణి. తర్వాత రెండేళ్లు వారం వారం ర్యాంకు లిస్టు గోడమీద పడేది. నా ర్యాంకు బాగానే ఉండేది. బయటికొచ్చాక మాత్రం ఊరికే ఒక్క లెక్క కూడా చేయలేదు, ఇవాళ్టికీ చేయాలనిపించదు. మీలో చాలామందికి ఇది కొత్త కథ కాదని తెలుసు. అందుకే నాకు ఈ అచీవ్‌మెంట్ల గీత అంటే లోపల ఒక భయం ఉండేది. మిగిలిన ఒక్క సరదా కూడా అలాగే పోతే?

ఏడాది చూశాక నాకు తోచింది ఇది. జాబితాను ముందే చదివి, గైడ్ పక్కన పెట్టుకుని, టిక్కులు కొడుతూ ఆడిన చోట ఆట చప్పబడింది. ఆ గేముల పేర్లు ఈ వ్యాసంలో లేకపోవడానికి కారణం అదే, వాటి గురించి చెప్పడానికి నాకేమీ గుర్తులేదు. మొదటిసారి జాబితా చూడకుండా ఆడేసి, ఇంకా ఉండాలనిపించి, అప్పుడు జాబితా తెరిచిన చోట అది ఆ ఇంట్లో ఇంకొన్నాళ్లు ఉండటానికి సాకు అయింది. సెలెస్ట్ అలా, బొమ్మ ప్రయాణం అలా. లెపర్ ప్రయోగంలో ఉన్న తేడా కూడా దాదాపు ఇదే కదా, ముందే కుదుర్చుకున్న కూలి, అనుకోకుండా దొరికిన కానుక.

ఒక్క గేమ్ మాత్రం ఈ విషయం మీద నాతో నేరుగా పోట్లాడింది. అండర్‌టేల్, 2015, టోబీ ఫాక్స్. స్టీమ్‌లో దీనికి అచీవ్‌మెంట్లే లేవు. ప్లేస్టేషన్‌లో ట్రోఫీలు తప్పవు కాబట్టి పెట్టాడు, అవి ఎంత తేలిగ్గా ఉంటాయంటే ట్రోఫీల మీదే వెటకారం. ఈ గేమ్‌లో ఎవరినీ చంపకుండా చివరిదాకా వెళ్లొచ్చు, అలా వెళ్తే అందరూ స్నేహితులవుతారు. ఆ తర్వాత ఇంకో దారి మిగులుతుంది: వెతికి వెతికి అందరినీ చంపడం. అందులో మాత్రమే కనిపించే సన్నివేశాలున్నాయి, గేములోకల్లా గట్టి పోరాటం కూడా అక్కడే ఉంది. నూరు శాతం కావాలనుకునేవాడు వెళ్లక తప్పదు. వెళ్తే గేమ్ నిలదీస్తుంది: నీకు వీళ్లమీద కోపం లేదు, చెయ్యగలవు కాబట్టి చేస్తున్నావు కదా అన్నట్టు. చివరిదాకా వెళ్తే తర్వాత మళ్లీ మంచి దారిలో ఆడినా ఆ మచ్చ పోదు, ముగింపు మారిపోతుంది.

నేను ఆ దారిలో వెళ్లలేదు. ఎముకల అన్నదమ్ములిద్దరూ ఇప్పటికీ నా ల్యాప్‌టాప్‌లో క్షేమంగా ఉన్నారు. గీత లేని గేమ్ కాబట్టి ఎంత శాతమైందో చెప్పలేను.

మొదలుపెట్టాలనుకుంటే

ఇందులో చాలావరకు గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో నడుస్తాయి. నాదీ అలాంటిదే. ఓబ్రా డిన్ ఆడేటప్పుడు మాత్రం ఫ్యాన్ కొంచెం రొద పెట్టింది. పూర్తి ధరకు కొనకండి, వేసవి సేల్, చలికాలం సేల్ దాకా ఆగండి. పాత వాల్వ్ గేములు సేల్‌లో క్యాంటీన్ భోజనం కంటే చవగ్గా దొరుకుతాయి. సెలెస్ట్, హాలో నైట్ కీబోర్డు మీద ఆడితే వేళ్లు అరుగుతాయి, ఎవరి దగ్గరైనా కంట్రోలర్ అప్పు తెచ్చుకోండి. సెలెస్ట్ మరీ కష్టమైతే అసిస్ట్ మోడ్ ఉంది, వేగం తగ్గించుకోవచ్చు. దానికి చిన్నచూపు చూసేవాళ్ల మాట వినక్కర్లేదు.

తేలికైనది కావాలంటే ద స్టాన్లీ పారబుల్ ఉంది. 2013లో వచ్చిన ఆ గేమ్‌లో గో అవుట్‌సైడ్ అనే అచీవ్‌మెంట్‌కు ఐదేళ్లపాటు గేమ్ తెరవకుండా ఉండాలి. 2022లో వచ్చిన అల్ట్రా డీలక్స్ వెర్షన్‌లో దాన్ని పదేళ్లు చేశారు. కంప్యూటర్ గడియారం ముందుకు తిప్పి సంపాదించేవాళ్లున్నారు. నేను తిప్పలేదు. పోయిన నెల ఒకసారి ఆడి, మూసేసి, 2036కి ఫోన్లో రిమైండర్ పెట్టుకున్నాను. మంగళవారం మొత్తం ఆడుతూ ఉండాల్సిన ఇంకో అచీవ్‌మెంట్ ఉంది, దానికి మాత్రం మంగళవారం ల్యాబ్ లేని సెమిస్టర్ రావాలి.

పోర్టల్ 2 ఇద్దరి భాగం ఇంతవరకు ఆడనివాళ్లు ఎవరైనా ఉంటే శుక్రవారం క్లబ్ మీటింగ్ అయ్యాక కనిపించండి. నా పతకం ఎప్పుడో అయిపోయింది. ఆ ఫస్ట్ ఇయర్ తమ్ముడికి ఇంకా రాలేదు, వాడు శిష్యుడి కోసం వెతుకుతున్నాడు.